టైరు కుడి పక్కే ముందు అరుగుతుందెందుకు? మలుపులో బైకు వాలు వెనకున్న లెక్క

బైకు వెనక టైరు మార్పించినప్పుడు పాతదాన్ని నిలబెట్టి ఎదురుగా చూసేవాళ్లు తక్కువ. కొత్తది ఎక్కించుకుని, పాతదాన్ని షాపులోనే వదిలేసి వచ్చేస్తాం. చూస్తే మాత్రం రెండు సంగతులు కనిపిస్తాయి. మధ్య భాగం గాట్లు పోయి, బల్లపరుపుగా, గుండయి ఉంటుంది. అంచుల్లో మాత్రం రబ్బరు దాదాపు కొత్తదిలాగే మిగిలి ఉంటుంది. ఇంకో సంగతి అంత తేలిగ్గా కంటికి ఆనదు. చాలా టైర్లలో ఎడమ పక్క కంటే కుడి పక్క కాస్త ఎక్కువ అరిగి ఉంటుంది.

వాదన మొదలయ్యేది ఇక్కడే. మెకానిక్ చూసి "అలైన్‌మెంట్ పోయింది సార్" అంటాడు. తోటి రైడర్ "రైట్ టర్నింగుల్లో బాగా వంచుతున్నట్టున్నావ్" అంటాడు. రోడ్డే ఎడమకు వాలి ఉంటుంది కాబట్టి అలా అవుతుందని మరొకరు. వీటికి తోడు, అంచుల దాకా అరిగిన టైరే మంచి రైడర్‌కు గుర్తన్న నమ్మకం ఒకటి. వీటిలో ఏది ఎంత నిజమో తేలాలంటే బైకు ఎందుకు వాలుతుందో, వాలినప్పుడు రబ్బరుకు ఏమవుతుందో ముందు చూడాలి.

వేగం కొంచెం పెరిగితే వాలు చాలా పెరుగుతుంది

మలుపులో కారు బాడీ బయటి వైపు ఒరుగుతుంది. బైకు అలా ఒరిగితే పడిపోతుంది. అందుకే లోపలికి వాలి, బరువు కిందికి లాగే బలాన్నీ మలుపు బయటికి నెట్టే బలాన్నీ సరితూచుకుంటుంది. ఎంత వాలాలన్నది రెండిటి మీదే ఆధారపడుతుంది: వేగం, మలుపు వ్యాసార్థం. సెకనుకు ఎన్ని మీటర్లు వెళుతున్నామో ఆ సంఖ్యను వర్గం చేసి, వ్యాసార్థంతోనూ 9.81తోనూ భాగిస్తే, వచ్చేది వాలు కోణపు ట్యాన్ విలువ. ఇంటర్‌లో చదివిన ట్యాన్ థీటానే. ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా రాదు. అదే మలుపులో అదే వేగంతో వెళితే బుల్లెట్ అయినా స్ప్లెండర్ అయినా వాలాల్సింది దాదాపు ఒకే కోణంలో.

30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకుందాం. మన ఘాట్ రోడ్లలో ఇలాంటివి బోలెడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళితే వాలు 23 డిగ్రీలు. 50తో వెళితే 33. 60తో వెళితే 43. పదేసి కిలోమీటర్లు పెంచిన ప్రతిసారీ పది డిగ్రీలు. లెక్కలో వేగం వర్గంగా ఉండడం వల్ల వచ్చిన తేడా ఇది.

ఆ ట్యాన్ విలువకు ఇంకో ఉపయోగం ఉంది. ఆ మలుపు తిరగడానికి టైరుకు, రోడ్డుకు మధ్య ఎంత గ్రిప్ (బండి బరువులో ఎన్నో వంతు పట్టు) కావాలో కూడా అదే చెబుతుంది. 23 డిగ్రీలకు 0.42 చాలు. 43 డిగ్రీలకు 0.94 కావాలి. మంచి పొడి తారు మీద మంచి టైరుకు ఒకటికి అటూఇటూగా గ్రిప్ దొరుకుతుంది. తడి రోడ్డు మీద అది 0.5కు పడిపోయిందనుకుంటే, అదే మలుపులో 44 కిలోమీటర్ల దగ్గరే హద్దు వచ్చేస్తుంది. పొడి రోడ్డు మీద 50తో హాయిగా తిరిగిన చోట వాన పడ్డాక 50తో వెళితే బండి ఎందుకు కిందికి జారుతుందో చెప్పడానికి ఇంతకు మించి లెక్క అక్కర్లేదు.

వెడల్పు టైరు వేస్తే ఎక్కువ వాల్చాలి

పై లెక్క టైరును బ్లేడంత సన్నగా ఊహించుకుని వేసింది. నిజం టైరు గుండ్రంగా ఉంటుంది. బండి వాలితే, టైరు నేలను తాకే చోటు మధ్యలోంచి పక్కకు జరుగుతుంది. దాన్ని కాంటాక్ట్ ప్యాచ్ అంటారు. అది మలుపు లోపలి వైపుకు జరుగుతుంది కాబట్టి, బరువు సరితూగాలంటే బండి ఇంకొంచెం వాలాలి.

ఎంత? బండి, మనిషి కలిసిన బరువు కేంద్రం నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 30 మీటర్ల మలుపు, 50 కిలోమీటర్ల వేగం. సన్నటి టైరు లెక్కలో 33 డిగ్రీలు వచ్చింది కదా. 100 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరుకు అది 36 అవుతుంది. 140 టైరుకు 37 దాటుతుంది. గ్రిప్ కోసమనో చూడ్డానికి బాగుంటుందనో కంపెనీ ఇచ్చినదానికంటే వెడల్పు టైరు వేయించుకున్నవాళ్లు అదే మలుపులో అదే వేగానికి ఒక డిగ్రీకి పైగా అదనంగా వాల్చాల్సి వస్తుంది. ఇది ప్రమాదకరమైన తేడా ఏమీ కాదు. కానీ "వెడల్పు టైరు వేశాను, ఇప్పుడు అంచుల దాకా వంచుతున్నాను" అనే మాటలో కొంత గొప్ప టైరుదే.

మనిషి కూర్చునే తీరు కూడా లెక్కను మారుస్తుంది. రేసర్లు మోకాలు బయటపెట్టి సీటు మీంచి లోపలికి వేలాడడం వల్ల బరువు కేంద్రం లోపలికి వస్తుంది, బండి వాలాల్సింది తగ్గుతుంది. తాను నిటారుగా కూర్చుని బండిని మాత్రం కిందికి తోసేవాళ్లకు ఉల్టా జరుగుతుంది. అదే మలుపు, అదే వేగం, కానీ బండి ఎక్కువ వాలుతుంది. కాబట్టి ఇద్దరి టైర్లు వేరే చోట్ల అరుగుతాయి.

రబ్బరు అరగాలంటే జారాలి

చక్రం ఏ బలమూ లేకుండా ఊరికే దొర్లుతుంటే రబ్బరు పెద్దగా అరగదు. అరుగుదలకు రెండు కావాలి: రబ్బరు మీద బలం, ఆ బలం ఉండగానే రోడ్డు మీద కాస్త జారడం. ఈ జారడం స్కిడ్ అయినంత జారడం కాదు. కంటికి కనిపించనంత చిన్నది. బ్రేకు వేసినా, యాక్సిలరేటర్ తిప్పినా, మలుపు తిరిగినా కాంటాక్ట్ ప్యాచ్‌లో ఏదో ఒక మూల రబ్బరు రోడ్డు మీద రాసుకుంటూనే ఉంటుంది.

వాలినప్పుడు ఇది ఎందుకు పెరుగుతుందో చూడాలంటే ఒక స్టీలు గ్లాసును నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. తిన్నగా పోదు. మూతి పెద్దది, అడుగు చిన్నది కాబట్టి అడుగు వైపుకు గుండ్రంగా తిరుగుతుంది. వాలిన టైరుదీ ఇదే స్థితి. ప్యాచ్‌లో నడిమికి దగ్గరున్న అంచు చక్రం ఇరుసుకు దూరంగా ఉంటుంది, బయటి అంచు దగ్గరగా ఉంటుంది.

యమహా ఆర్15కు వచ్చే 140/70-17 వెనక టైరును తీసుకుంటే కొలతలు ఇలా ఉంటాయి. నిటారుగా ఉన్నప్పుడు ఇరుసు నుంచి నేలకు 314 మిల్లీమీటర్లు, కిలోమీటరుకు 507 చుట్లు. 40 డిగ్రీలు వాలినప్పుడు ఆ దూరం 298 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, కిలోమీటరుకు 535 చుట్లు తిరగాలి. వేగం మారకపోయినా మలుపులో ఇంజిన్ ఆర్‌పీఎం కొద్దిగా పెరిగినట్టు కొందరికి అనిపించేది ఊహ కాదు. అయిదు శాతం తేడా ఉంది మరి.

అసలు సంగతి ప్యాచ్ లోపల ఉంది. ప్యాచ్ వెడల్పు 40 మిల్లీమీటర్లనుకుంటే, 40 డిగ్రీల వాలులో దాని ఒక అంచుకూ ఇంకో అంచుకూ ఇరుసు నుంచి దూరంలో దాదాపు 26 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. దాదాపు తొమ్మిది శాతం. రెండు అంచులూ ఒకే చక్రానివి, చుట్టుకు చుట్టు కలిసే తిరగాలి. కానీ ఒకటి ఎక్కువ దూరం పోవాలంటుంది, ఇంకోటి తక్కువ. ఆ టైరును దాని ఇష్టానికి వదిలేస్తే అర మీటరు వ్యాసార్థం కూడా లేని చక్కర్లు కొడుతుంది. బండి మాత్రం దాన్ని 30 మీటర్ల మలుపులో లాక్కుపోతోంది. ఈ లాగుడుకు రబ్బరు ప్రతి చుట్టులోనూ రోడ్డుకు రాసుకుంటుంది. వాలిన టైరు ఊరికే దొర్లదు, దొర్లుతూ గీకుతుంది.

వాలు పెరిగేకొద్దీ పక్క బలమూ పెరుగుతుంది, జారుడూ పెరుగుతుంది. రెండూ కలిస్తే అరుగుదల సుమారుగా పక్క బలం వర్గంతో పెరుగుతుంది. అదే 30 మీటర్ల మలుపులో 40 కిలోమీటర్ల వేగంతో మీటరుకు అరిగేది ఒకటి అనుకుంటే, 50తో అది రెండున్నర, 60తో అయిదు. వేగం ఒకటిన్నర రెట్లు, అరుగుదల అయిదు రెట్లు. ఇది ముతక లెక్కే. రబ్బరు వేడి, రోడ్డు కంకర గరుకుదనం, టైరులో గాలి దీన్ని అటూఇటూ మారుస్తాయి. అయినా దిక్కు మారదు.

మరి మధ్య భాగమే ఎందుకు గుండవుతోంది?

మలుపులో మీటరుకు అంత అరుగుతుంటే, మన టైర్లన్నీ అంచుల్లో పోయి మధ్యలో మిగలాలి కదా. జరిగేది ఇందుకు ఉల్టా. కారణం దూరం. హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు హైవే మీద వెళ్లొస్తే, బండి నిజంగా వాలిన దూరం మొత్తం ప్రయాణంలో ఎంత ఉంటుంది? మిగతాదంతా టైరు మధ్య నాలుగు వేళ్ల మేర మీదే. పైగా వెనక చక్రం ఊరికే దొర్లడం లేదు, గాలి ఎదురును తోసుకుంటూ బండిని నెడుతోంది. వేగం పెరిగేకొద్దీ ఆ పని పెరుగుతుంది. హైవేలో ఎక్కువ తిరిగే బండి వెనక టైరు మధ్యలో బల్లపరుపు కావడం వింతేమీ కాదు.

టైరు కంపెనీలకు ఇది తెలుసు కాబట్టే మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు పెట్టి డ్యూయల్ కాంపౌండ్ టైర్లు చేస్తున్నాయి. గట్టిది ఎక్కువ దూరం వస్తుంది, మెత్తది వాలినప్పుడు పట్టు ఇస్తుంది. అలాంటి టైరులో రెండు పక్కలూ తొందరగా అరిగితే అది రైడర్ గొప్పా, రబ్బరు మెత్తదనమా అన్నది విడదీసి చెప్పడం కష్టం.

బల్లపరుపు అయిన టైరు బండి నడకను కూడా మారుస్తుంది. మధ్యలో 50 మిల్లీమీటర్ల మేర చదునైపోయిందనుకోండి. వాల్చడం మొదలుపెట్టగానే ప్యాచ్ మెల్లగా పక్కకు జరిగే బదులు ఆ చదును అంచు మీదకు, అంటే నడిమి నుంచి 25 మిల్లీమీటర్ల అవతలికి ఒక్కసారిగా వెళ్లిపోతుంది. రైడర్‌కు మొదట బండి వాలనంటున్నట్టు, తర్వాత దభేలున పడబోతున్నట్టు అనిపిస్తుంది. చాలామంది దీన్ని స్టీరింగ్ బేరింగ్ సమస్య అనుకుని కోన్ సెట్ మార్పించుకుంటారు. కొత్త టైరు వేసిన రోజు "బండి మళ్లీ కొత్తదైంది" అనిపించడంలో సగం కారణం కొత్త రబ్బరు, మిగతా సగం తిరిగొచ్చిన గుండ్రటి ఆకారం.

ముందు టైరు కథ వేరు. దానికి ఇంజిన్ లాగుడు లేదు, బ్రేకు బరువు ఉంది. అందుకే మధ్యలో అంత చదును కాదు. పక్కల, ట్రెడ్ (నేలను తాకే గాట్ల రబ్బరు) దిమ్మెలు ఒక వైపు ఎత్తుగా ఒక వైపు పల్లంగా, రంపపు పళ్లలా అరుగుతుంది.

టైరు మీద ప్రతి మిల్లీమీటరూ ఒక కోణం

అంచున అరగకుండా మిగిలిపోయిన పట్టీని రైడర్లు చికెన్ స్ట్రిప్ అంటారు. వంచడానికి భయపడ్డాడని వెక్కిరింపు. అది చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత?

140 టైరు అడ్డకోతను సుమారు 70 మిల్లీమీటర్ల వ్యాసార్థమున్న వంపు అనుకుంటే, ఒక డిగ్రీ వాలుకు ప్యాచ్ 1.2 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే ఇద్దరు రైడర్లు ఒకే టైరు మీద అయిదు డిగ్రీల తేడాతో వాల్చితే, వాళ్ల పట్టీల వెడల్పులో తేడా ఆరు మిల్లీమీటర్లు. ఇంతవరకు పట్టీ నిజమే చెబుతోంది.

ఇప్పుడు ఒకే రైడర్, రెండు కంపెనీల టైర్లు. ఒకదాంట్లో ట్రెడ్ 45 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, ఇంకోదాంట్లో 55 దాకా సాగుతుంది. రైడర్ ఏమీ మారకపోయినా రెండో టైరులో పట్టీ 12 మిల్లీమీటర్లు ఎక్కువ మిగులుతుంది. ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి ముడుచుకుంటాయి, పట్టీ ఇంకా పెరుగుతుంది. ఫుట్‌పెగ్‌లు కిందికి ఉండే క్రూయిజర్ బండి 30 డిగ్రీల దగ్గరే నేలను గీకుతుంది, దాని టైరు అంచు ఎప్పటికీ రోడ్డును చూడదు. ఒకే బండి, ఒకే టైరు మీద నిన్నటికీ ఈరోజుకూ తేడా తెలుసుకోవడానికి పట్టీ పనికొస్తుంది. పార్కింగులో పక్కనున్న వేరే బండితో పోల్చడానికి పనికిరాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎక్కువ వాల్చేవాళ్ల టైరులో బాగా అరిగిన చోటు చిట్టచివరి అంచు కాదు, దానికి కాస్త లోపల ఉంటుంది. మలుపు మధ్యలో బండి అత్యంత వాలి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తిప్పడానికి చోటు ఉండదు. గ్రిప్ మొత్తం 0.9 ఉందనుకుందాం. 33 డిగ్రీల వాలుకు పక్క బలమే 0.65 తీసుకుంటుంది. పక్క బలమూ ముందుకు నెట్టే బలమూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి వర్గాల లెక్కన మిగిలేది 0.62. 40 డిగ్రీలకు మిగిలేది 0.33 మాత్రమే. బండి లేస్తూ 35, 30 డిగ్రీలకు వచ్చేసరికి రైడర్ పవర్ ఇస్తాడు. పక్క బలమూ నెట్టుడూ రెండూ గట్టిగా పనిచేసేది ఆ కోణాల్లో నేలను తాకే చోటు మీదే, ఎక్కువ తెగేదీ అక్కడే.

కుడి పక్క చిక్కుముడి

ముందు ఒక ఊహ పక్కన పెట్టాలి. కుడి మలుపులు ఎక్కువ తిరుగుతాం కాబట్టి కుడి అరుగుతుందనేది చాలామంది మాట. కానీ పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఎడమకు తిరిగిన చోటే సాయంత్రం కుడికి తిరుగుతాం. ఘాట్ ఎక్కేటప్పుడు ఎడమ మలుపైనది దిగేటప్పుడు కుడి మలుపు. యూ-టర్న్‌లు మనకు ఎప్పుడూ కుడికే, హైదరాబాద్‌లో జంక్షన్లు మూసేసి యూ-టర్న్‌లు పెట్టాక అవి పెరిగాయి కూడా. అయితే ఆ యూ-టర్న్‌కు ముందో వెనకో ఒక ఎడమ మలుపు అదనంగా తగులుతుంది. మొత్తం మీద తిరిగిన డిగ్రీలు కూడితే ఎడమ, కుడి పెద్దగా తేడా ఉండవు. కారణం వేరే చోట వెతకాలి.

అలైన్‌మెంట్ అన్న మెకానిక్ మాట చూద్దాం. కారులో ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు ఉంటాయి. అవి వేరే దిక్కులకు చూస్తే ఒకదానితో ఒకటి పోట్లాడి రబ్బరును తినేస్తాయి. బైకుకు ఆ జత లేదు. చైన్ అడ్జస్టర్లు సమంగా లేక వెనక చక్రం కాస్త వంకరగా ఉంటే బండి కొద్దిగా ఏటవాలుగా నడుస్తుంది, చైన్, స్ప్రాకెట్ దెబ్బతింటాయి, హ్యాండిలింగ్ చెడుతుంది. టైరు ఒక పక్క గట్టిగా అరగడానికి మాత్రం అది బలమైన కారణం కాదు. బండి గుద్దుకుని ఛాసిస్ మెలికపడి, వెనక చక్రం ముందు చక్రంతో పోలిస్తే ఒరిగి ఉంటే అప్పుడు మెకానిక్ చెప్పింది నిజమవుతుంది. ఇంకో సాక్ష్యం: అమెరికాలో రైడర్లు చెప్పుకునేది ఎడమ పక్క అరుగుదల గురించి, బ్రిటన్‌లో మనలాగే కుడి పక్క గురించి. అవే కంపెనీల బండ్లు, అవే టైర్లు. మారింది రోడ్డుకు ఏ పక్క నడుపుతామన్నదే. అందుకే బండి లోపం కంటే రోడ్డు మీదే అనుమానం ఎక్కువ.

రోడ్డు వాలు వాదన ఇది. వాన నీళ్లు నిలవకుండా తారు రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచుకు పల్లంగా వేస్తారు. మామూలుగా మీటరుకు రెండు సెంటీమీటర్ల దిగుడు. డివైడర్ ఉన్న హైవేలో మనం వెళ్లే సగమంతా ఎడమకే వాలి ఉంటుంది. బండి నిటారుగా ఉంటుంది, రోడ్డు ఎడమకు పల్లం, కాబట్టి టైరు కుడి పక్క రోడ్డుకు ఎక్కువగా తాకుతుంది. వినడానికి పక్కాగా ఉంది. లెక్క వేస్తే, రెండు శాతం వాలు అంటే 1.1 డిగ్రీలు. ఆర్15 టైరు మీద ప్యాచ్ జరిగేది 1.4 మిల్లీమీటర్లు. పక్క బలం బరువులో నూటికి రెండు వంతులు. వెనకటి వర్గాల లెక్కనే వాడితే, ఈ వాలు మీద 440 కిలోమీటర్లు తిన్నగా పోవడం, 30 మీటర్ల మలుపులో 40 వేగంతో ఒక్క కిలోమీటరు తిరగడంతో సమానం. రోడ్డు వాలును నమ్మేవాళ్ల జవాబు కూడా తీసెయ్యదగింది కాదు: అది చిన్నదే, కానీ వేల కిలోమీటర్ల పాటు ఎప్పుడూ ఒకే పక్కకు పనిచేస్తుంది, మలుపుల్లా ఎడమ కుడి కొట్టేసుకోదు.

మూడో వాదన మలుపుల సంఖ్యను వదిలేసి వాటి పొడవును పట్టుకుంటుంది. ఎడమ పక్క నడిపే దేశంలో జంక్షన్ దగ్గర ఎడమ మలుపు చిన్నది, మూల తిప్పేసుకోవడమే. కుడి మలుపు అవతలి వైపు దాకా వెళ్లి తిరగాలి. ఎడమకు వ్యాసార్థం 5 మీటర్లు, వేగం 13 కిలోమీటర్లు. కుడికి 12 మీటర్లు, 20 కిలోమీటర్లు. రెండిట్లోనూ వాలు దాదాపు 15 డిగ్రీలే. కానీ ఎడమకు వాలి నడిచేది 8 మీటర్లు, కుడికి 19 మీటర్లు. అదే కోణం, అదే బలం, రెండున్నర రెట్లకు కాస్త తక్కువ దూరం. రోజూ సిటీలో తిరిగే బండికి ఈ తేడా పేరుకుంటుంది.

ఘాట్‌లో ఈ వాదన కాస్త తడబడుతుంది. రోడ్డు మధ్య గీత దగ్గర 12 మీటర్ల వ్యాసార్థం ఉన్న హెయిర్‌పిన్‌లో, ఎడమ మలుపుకు మన లేన్ లోపలిది, సుమారు 10 మీటర్లు. కుడి మలుపుకు బయటిది, సుమారు 14 మీటర్లు. రెండిట్లోనూ ఒకే వాలుతో వెళ్లే రైడర్‌కు కుడి పక్క దూరం 40 శాతం ఎక్కువ, కుడి అరుగుతుంది. రెండిట్లోనూ ఒకే వేగంతో వెళ్లే రైడర్‌కు చిన్న మలుపులో వాలు పెరుగుతుంది, ఎడమ అరుగుతుంది. ఎవరు ఎలా నడుపుతారన్నది వాళ్ల అలవాటు, భయం. కుడి మలుపులో బయటి లేన్‌లో ఉంటాం కాబట్టి ముందు రోడ్డు బాగా కనిపిస్తుందని చాలామంది ధైర్యంగా వంచుతారు. అదే మలుపులో తల సెంటర్ లైను మీదకు వాలుతుంది, ఎదురుగా బస్సు వస్తే ఎలా అని ఇంకొందరు వెనకాడతారు. మారేడుమిల్లి, అరకు, పాడేరు దారుల్లో బండి నడిపినవాళ్లకు ఈ రెండు ఆలోచనలూ తెలిసినవే.

రోడ్డు వాలు, మలుపుల పొడవు అనే ఈ రెండు వాదనల్లో ఒకదాన్నే ఎంచుకోనక్కర్లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఏది ఎక్కడ అరిగిస్తుందో టైరే చూపిస్తుంది. డిగ్రీకి 1.2 మిల్లీమీటర్లు అనుకున్నాం కదా. రోడ్డు వాలు వల్ల ప్యాచ్ ఒకటిన్నర మిల్లీమీటరు కంటే జరగదు. కాబట్టి అది చేయగలిగేది మధ్యనున్న చదును పట్టీని ఒక పిసరు కుడికి నెట్టడం. నడిమి నుంచి 35 మిల్లీమీటర్ల అవతల, పక్క భాగంలో కుడి వైపు ఎక్కువ అరిగి ఉంటే, 40 మిల్లీమీటర్ల ప్యాచ్ అంచు అక్కడికి చేరాలన్నా బండి కనీసం 12 డిగ్రీలు వాలి ఉండాలి. ఒక్క డిగ్రీ రోడ్డు వాలుకు ఆ చోటు అందదు. అది మలుపుల పనే. హైవే బండి టైరులో మొదటిది, సిటీ బండి టైరులో రెండోది ఎక్కువగా కనిపించాలి. షాపులో ఇద్దరు వాదించుకునేటప్పుడు ఒక్కోసారి ఇద్దరూ టైరులో వేరువేరు చోట్లు చూస్తుంటారు.

రేసు ట్రాకులో ఇదే సమస్య పెద్దదై

మోటోజీపీలో బండ్లు 60 డిగ్రీలు దాటి వాలుతాయి. అక్కడ ఎడమ, కుడి తేడా రేసునే మార్చేస్తుంది. జర్మనీలోని జాక్సెన్‌రింగ్ ట్రాకులో 13 మలుపులుంటే 10 ఎడమకే, 3 మాత్రమే కుడికి. అందుకే అలాంటి చోట్లకు టైరు ఒక పక్క ఒక రబ్బరు, ఇంకో పక్క ఇంకో రబ్బరు పెట్టి తయారుచేస్తారు. ఎడమ పక్క అరగకుండా గట్టిది, కుడి పక్క వేడెక్కేలా మెత్తది. అయినా వరసగా ఎడమ మలుపులు తిరిగొచ్చి 11వ మలుపులో కుడికి వాల్చేసరికి, అప్పటిదాకా రోడ్డు తగలక చల్లబడ్డ కుడి పక్క పట్టు ఇవ్వక చాలామంది అక్కడ పడ్డారు. ఎక్కువ అరిగే పక్క ఒకటి, ప్రమాదం తెచ్చే పక్క ఇంకొకటి.

ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్‌ది ఇంకో కథ. 2013 రేసుకు ముందు ట్రాకుకు కొత్త తారు వేశారు. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు ఆ గరుకుకూ వేడికీ రేసు దూరం నిలవవని ప్రాక్టీసులోనే తేలింది. 27 ల్యాప్‌ల రేసును 19కి కుదించి, ఏ టైరు మీదా పది ల్యాప్‌లు మించకూడదని మధ్యలో బండి మార్చడం తప్పనిసరి చేశారు. మార్క్ మార్కెజ్ ఒక ల్యాప్ ఆలస్యంగా పిట్‌లోకి వచ్చి అనర్హుడయ్యాడు, హోర్హే లోరెంజో గెలిచాడు. ఆకారం, వాలు, బరువు ఏమీ మారలేదు. తారు మారింది, అంతే. మన దగ్గర కూడా కొత్తగా వేసిన గరుకు కంకర రోడ్డు మీద, బండ్లు తిరిగి నున్నబడ్డ పాత రోడ్డు మీద ఒకే టైరు ఒకేలా అరగదు.

చట్టం చూసేది లోతును

మన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైరు గాటు లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, మిగతా వాహనాలకు 1.6. టైరు పక్కన టీడబ్ల్యూఐ (ట్రెడ్ వేర్ ఇండికేటర్, అంటే అరుగుదల గుర్తు) అని రాసి ఉన్న చోటుకు ఎదురుగా గాటు లోపల చిన్న దిమ్మె ఉంటుంది. రబ్బరు అరిగి దానికి సమానమైతే టైరు పనైపోయినట్టు.

ఈ కొలత వాన కోసం చేసింది. గాటులోంచి నీరు బయటికి పోవడానికి లోతు కావాలి. వాలు విషయానికొస్తే అది సగమే చెబుతుంది. హైవే టైరులో గాటు ఇంకా రెండు మిల్లీమీటర్లుండగానే మధ్య 50 మిల్లీమీటర్లు చదునై, బండి మలుపులో దభేలున పడే స్థితికి రావచ్చు. నిబంధన ప్రకారం అది మంచి టైరే. ఎప్పుడూ ఘాట్ల మీద తిరిగే బండిలో మధ్య గాట్లు బాగా ఉండి, బండి వాలినప్పుడు తాకే పక్క భాగంలో రబ్బరు అయిపోయి ఉండొచ్చు. ఆ చోట చాలా టైర్లలో గాట్లే తక్కువ, దిమ్మె అసలు ఉండదు. ఆ పక్క ఎంత అరిగిందో తెలిసేది చేత్తో తడిమితేనో, అదే టైరు ఎడమ పక్కతో పోల్చితేనో.